ఏ ఓక్ కాయ ఏరుకోవాలి? కాలిఫోర్నియాలో అయిదు చెట్ల బేరీజు

మా పెరట్లో కంచె అవతల ఒక పెద్ద వ్యాలీ ఓక్ ఉంది. సగం కొమ్మలు మావైపే. సెప్టెంబరు చివర మొదలై నెలన్నర పాటు షెడ్డు కప్పు మీద టపటపా కాయలు రాలుతూనే ఉంటాయి. ఇల్లు కొన్న కొత్తలో మావారు వాటిని ఊడ్చి చెత్తడబ్బాలో పోసేవారు. నాలుగేళ్లుగా ఆ పని ఆగిపోయింది. ఇప్పుడు వాటిని ఏరి, ఎండబెట్టి, వగరు తీసి జావ కాస్తాం, దోసెల్లో కలుపుతాం.

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి బే ఏరియాలో, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, మావాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: “మా ఇంటి దగ్గర కూడా ఓక్ ఉంది, దాని కాయలు తినొచ్చా?” పచ్చిగా ఏదీ తినకూడదు. సరిగ్గా వగరు తీస్తే మాత్రం కాలిఫోర్నియాలో దొరికే ఓక్‌ల కాయలు తినదగ్గవే. కాబట్టి అడగాల్సింది వేరు. ఆ కాయతో ఏం వండుదామనుకుంటున్నారు? దానికోసం ఎన్నాళ్లు నీళ్లు మార్చే ఓపిక ఉంది? చెట్టు ఎంపిక ఈ రెండిటి మీద ఉంటుంది. “తియ్యటి ఓక్ ఏది?” అని వెతుకుతూ కూర్చుంటే సీజను అయిపోతుంది. నాకు మొదటి ఏడాది అలాగే అయిపోయింది.

వగరు సంగతి ముందు

ఓక్ మన ఊళ్లలో కనిపించే చెట్టు కాదు. పుస్తకాల్లో సింధూర వృక్షం అని రాస్తారు గానీ, ఆ పేరు చెబితే ఎవరికీ చెట్టు కళ్లముందుకి రాదు. మన దేశంలో ఓక్‌లు ఎక్కువగా హిమాలయాల వైపు ఉంటాయి. ఉత్తరాఖండ్‌లో పశువుల మేతకీ, వంటచెరుకుకీ వాడే బాంజ్ చెట్టు కూడా ఓక్ జాతిదే. అయినా ఓక్ తాలూకు వస్తువు ఒకటి మన ఇళ్లలో తరతరాలుగా ఉంది, అదే మాచికాయ. పసిపిల్లలకి సానమీద అరగదీసి నాలుకకి రాసే ఆ గుండ్రటి గట్టి కాయ అసలు కాయే కాదు. పశ్చిమాసియా వైపు పెరిగే ఒక ఓక్ కొమ్మ మీద చిన్న కందిరీగలాంటి పురుగు గుడ్డు పెడితే, ఆ చోట చెట్టు కట్టిన బుడిపె అది. దాన్నిండా టానిన్, అంటే వగరు పుట్టించే పదార్థం. కరక్కాయలో ఉండే వగరూ ఆ జాతిదే.

మొదటి ఏడాది అత్తయ్యగారు నర్సీపట్నం నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. నేను ఒలిచిన పప్పు ఒకటి నోట్లో వేసుకుని, రెండు సెకన్లలో మొహం ముడిచి ఉమ్మేశారు. “మాచికాయలా పట్టేసిందమ్మా నోరు” అన్నారు. ఆవిడ ఆ మాట అనేదాకా ఆ రెండిటికీ చుట్టరికం ఉందని నాకు తట్టనే లేదు. తర్వాత ఆవిడే చెప్పారు: “మా వైపు కొండల్లో మావిడి జీడి కూడా ఇలాగే ఉంటుంది. వగరు పోయేదాకా నానబెట్టి, పిండి చేసి అంబలి కాస్తారు. దీన్నీ అలాగే చెయ్యి.” విశాఖ ఏజెన్సీలో టెంక అంబలి అంటారే, అదన్నమాట. టెంక పగలగొట్టి జీడి తీయడం, ఎండబెట్టడం, నానబెట్టడం, దంచడం, జావ కాయడం. ఓక్ కాయకి ఇక్కడి ఆదివాసులు చేసే పని కూడా దాదాపు ఇదే.

టానిన్ నీళ్లలో కరుగుతుంది. అదొక్కటే మనకున్న అదృష్టం. ఎంత టానిన్ ఉంటే అన్ని నీళ్లు, అన్ని రోజులు. పూర్తిగా పోయిందా లేదా అన్నది నాలుకే చెప్పాలి. చిటికెడు పిండి నాలుక మీద వేసుకుని ఒక నిమిషం ఆగితే నోరు పిడచకట్టకూడదు, చెంపల లోపల పట్టేసినట్టు ఉండకూడదు. కొంచెం అనుమానంగా ఉన్నా మళ్లీ నీళ్లు పొయ్యాల్సిందే. సగం వగరుతో తింటే కడుపు ఊరుకోదు.

చెట్టుని గుర్తుపట్టడం

ఓక్‌లలో తెల్ల ఓక్ వర్గం, ఎర్ర ఓక్ వర్గం అని రెండు పెద్ద వర్గాలున్నాయి. తెల్ల వర్గం ఆకు అంచులు గుండ్రంగా తిరిగి ఉంటాయి, కాయ ఒక్క ఏడాదిలోనే పండుతుంది, పెంకు లోపల నున్నగా ఉంటుంది. ఎర్ర వర్గం ఆకు మొనల మీద సన్నటి ముల్లులాంటి వెంట్రుక ఉంటుంది, కాయ పండడానికి మామూలుగా రెండేళ్లు పడుతుంది, పెంకు లోపల నూగు ఉంటుంది. తెల్లవాటిలో టానిన్ తక్కువ, ఎర్రవాటిలో ఎక్కువ అని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. అమెరికా తూర్పు వైపు, న్యూజెర్సీలోనో వర్జీనియాలోనో ఉండేవాళ్లకి ఆ సూత్రం బాగానే పనిచేస్తుంది. అక్కడ తెల్ల ఓక్ దొరికితే ఎర్ర ఓక్ జోలికి వెళ్లక్కర్లేదు.

కాలిఫోర్నియాలో మాత్రం ఆ సూత్రాన్ని పూర్తిగా నమ్మకండి. తెల్ల వర్గంలోని వ్యాలీ ఓక్ ఒక్కోసారి నోరు కట్టేస్తుంది. ఎర్ర వర్గంలోని కోస్ట్ లైవ్ ఓక్ ఏమో రెండేళ్లు తీసుకోకుండా ఒక్క ఏడాదిలోనే పండుతుంది. పైగా ఒకే జాతిలో చెట్టుకీ చెట్టుకీ తేడా. మా కంచె అవతలి చెట్టు కాయ అయిదు రోజులకి లొంగుతుంది. రెండు వీధుల అవతల ఉన్న దాని తోబుట్టువు కాయ తొమ్మిది రోజులైనా మొండికేసింది. మామిడి చెట్ల విషయంలో ఇది మనకి కొత్తేం కాదు కదా, పక్కపక్కనే ఉన్న రెండు నాటు చెట్ల కాయలు ఒక్క రుచిలో ఉంటాయా? అందుకే ఏ జాతి అయినా సరే, ముందు పది కాయలు తెచ్చి చూసుకుని తర్వాత బస్తా పట్టుకెళ్లండి.

వ్యాలీ ఓక్: మొదటిసారి చేసేవాళ్లకి నా ఓటు దీనికే

శాస్త్రీయ నామం క్వెర్కస్ లోబాటా. కాలిఫోర్నియాలో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. లోతైన ఒండ్రు నేల, కింద నీటి ఊట ఉన్న చోట్లు దానికిష్టం. సెంట్రల్ వ్యాలీ, ఏటి ఒడ్లు, కొండల మధ్య పల్లపు మైదానాలు దాని చోట్లు. గోధుమకీ, పండ్లతోటలకీ, తర్వాత ఇళ్లకీ కావలసిందీ సరిగ్గా ఆ నేలే కాబట్టి ఆ చెట్లలో చాలా భాగం కొట్టేశారు. మిగిలినవి ఇలా మన కంచెల పక్కన, పార్కింగ్ లాట్ల మధ్యన కనిపిస్తాయి. పెద్దదైతే 30 మీటర్ల దాకా వెళుతుంది. చలికాలం ఆకు రాలుస్తుంది. స్పానిష్ వాళ్లు ఆకు రాల్చే ఓక్‌ని రోబ్లె అనేవారు. పాసో రోబ్లెస్ ఊరికి ఆ పేరు అలా వచ్చిందే.

కాయ పొడుగ్గా, మొన తేలి, తుపాకీ గుండులా ఉంటుంది. మూడు నుంచి అయిదు సెంటీమీటర్లు. కాయ నెత్తిన ఉండే టోపీలాంటి తొడుగు మీద చిన్న చిన్న బుడిపెలు. ఇంత పెద్ద కాయ కావడమే దీని గొప్పతనం, ఎందుకంటే ఒలిచే పని సగానికి సగం తగ్గుతుంది. ఎండిన కాయని నిలువుగా బండ మీద నిలబెట్టి సుత్తితో మెల్లగా ఒక్క దెబ్బ వేస్తే పెంకు పొడుగునా చీలుతుంది, పప్పు రెండు బద్దలుగా ఊడి వస్తుంది. పైన ఉండే పల్చటి గోధుమరంగు పొర కూడా బాగా ఎండితే గోరుతో గీకితే వచ్చేస్తుంది.

దీనిలో కొవ్వు తక్కువ, నూటికి అయిదారు పాళ్లు. మిగతాది ఎక్కువగా పిండిపదార్థమే. అందుకే జావకీ, సంగటికీ, హల్వాకీ ఇది బాగా నప్పుతుంది. కాస్తుంటే గరిటెకి అంటుకుంటూ చిక్కబడుతుంది, చల్లారితే ముక్కలు కోసుకునేంత గట్టిపడుతుంది. రుచి చెప్పమంటే, రాగికీ ఉడికించిన చెస్ట్‌నట్‌కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. నూనె తక్కువ కాబట్టి పిండి తొందరగా మక్కు వాసన కొట్టదు.

ఓ లోపం కూడా చెప్పాలి. దీనికి పుచ్చులు ఎక్కువ. దాని సంగతి కిందకి రండి, చెబుతాను.

కోస్ట్ లైవ్ ఓక్: గుమ్మం ముందే ఉంటుంది, పని మాత్రం ఎక్కువ

క్వెర్కస్ అగ్రిఫోలియా. తీరం వెంబడి మెండొసీనో నుంచి మెక్సికోలోని బాహా దాకా కనిపిస్తుంది. ఏడాదంతా పచ్చగా ఉంటుంది. ఆకు చిన్నది, గట్టిది, అంచున ముళ్లు, బోర్లించిన చెంచాలా వంగి ఉంటుంది. ఆకు తిప్పి చూస్తే ఈనెలు చీలే మూలల్లో చిన్న వెంట్రుకల కుచ్చులు కనిపిస్తే అదే. ఓక్‌లాండ్ నగరానికి పేరిచ్చిన ఓక్ ఇదే. లాస్ ఏంజెలెస్ వైపు ఉన్న ఎన్సీనో ఊరి పేరు కూడా స్పానిష్‌లో సతతహరిత ఓక్‌కి వాడే మాట నుంచి వచ్చింది. ఫ్రీమాంట్, సన్నీవేల్ వైపు ఉండేవాళ్లకి వ్యాలీ ఓక్ కన్నా ఇదే దగ్గర.

కాయ సన్నగా, పదునైన మొనతో ఉంటుంది. కొవ్వు నూటికి 16, 17 పాళ్ల దాకా ఉంటుంది, అంటే వ్యాలీ ఓక్‌కి దాదాపు మూడింతలు. ఆ నూనె వల్ల రుచిలో గింజధాన్యం కన్నా పప్పుగింజ తనం ఎక్కువ. పొడిగా వేయించితే వేరుశనగ గింజలు మాడకముందు వచ్చే కమ్మటి వాసన వస్తుంది. కారప్పొడికీ, బిస్కెట్లకీ, బొబ్బట్ల పూర్ణంలో కొంచెం కలపడానికీ నాకు ఇదే నచ్చింది.

కానీ దీనితో చాకిరీ ఎక్కువ. కాయ సన్నది కావడంతో కిలో పప్పు కావాలంటే ఒక శనివారం సాయంత్రం మొత్తం పోతుంది. లోపలి పొర పప్పు ముడతల్లోకి దూరి అతుక్కుంటుంది. వగరు పోవడానికి నాకెప్పుడూ వారం దాటింది, ఒకసారి పది రోజులు పట్టింది. మీ పెరట్లో ఈ చెట్టొక్కటే ఉంటే తప్పకుండా చేయండి. వ్యాలీ ఓక్ కూడా అందుబాటులో ఉంటే దీన్ని రెండో ఏటికి వాయిదా వేసుకోండి.

బ్లాక్ ఓక్: రుచిలో మొదటి వరస

సియెర్రా కొండల మీద, యోసెమిటీ లోయలో, గ్రాస్ వ్యాలీ, నెవాడా సిటీ చుట్టుపక్కల కనిపించే చెట్టు. క్వెర్కస్ కెలాగీ. మన బే ఏరియా పల్లపు ఊళ్లలో వెతికితే సాధారణంగా దొరకదు, కొండెక్కాలి. ఆకు పెద్దది, మొనలకి ముల్లు వెంట్రుకలు, శరదృతువులో బంగారు పసుపుకి తిరుగుతుంది. కాయ బొద్దుగా ఉంటుంది, టోపీ లోతుగా దిగి సగం కాయని కప్పేస్తుంది.

యోసెమిటీ పరిసరాల మివోక్, మోనో ఆదివాసులు మిగతా ఓక్‌లన్నిటికన్నా దీన్నే ఇష్టపడ్డారు. ఎందుకో వండితే తెలుస్తుంది. కొవ్వు నూటికి 18 దాకా ఉంటుంది, అయినా జావ చక్కగా చిక్కబడుతుంది. ఒకే కాయలో ఆ రెండూ కుదరడం అరుదు. వాళ్లు ఈ కాయల్ని స్తంభాల మీద నిలబెట్టిన బుట్టల్లాంటి గాదెల్లో నిల్వ చేసేవారు. మన పల్లెల్లో వెదురు గాదెల్ని చూసినవాళ్లు వాటి ఫొటో చూస్తే ఒక్క క్షణం తికమక పడతారు. నెలల తరబడి ఎండనిచ్చి, తర్వాత కొట్టి, లోపలి ఎర్రపొరని రుద్ది, పళ్లెంలాంటి బుట్టలో చెరిగేవారు. చెట్ల కింద అప్పుడప్పుడూ చిన్న మంటలు పెట్టడం కూడా వాళ్ల వ్యవసాయంలో భాగం. రాలిన పుచ్చుకాయలు, వాటిలోని పురుగులు కాలిపోతాయి, కింద పొదలు తగ్గుతాయి, మరుసటి ఏడు ఏరడం సులువవుతుంది.

వండే తీరు ఇంకా విచిత్రం. పిండిని ఇసుకలో తీసిన గుంటలో పరిచి, మీద ఆకుల కొమ్మ అడ్డం పెట్టి దాని మీదుగా నీళ్లు పోస్తూ వగరు దింపేవారు. కొమ్మ ఎందుకంటే నీటి ధార నేరుగా పడితే పిండికి గుంట పడుతుంది కాబట్టి. తర్వాత నీరు కారనంత బిగుతుగా అల్లిన బుట్టలో పిండీ నీళ్లూ పోసి, నిప్పుల్లో కాల్చిన రాళ్లు వేసి కలుపుతూ ఉడికించేవారు. కుండ లేకుండా, బుట్టలో జావ! ఇప్పటికీ ఆ కుటుంబాల్లో కొందరు పండగలకి ఇలాగే వండుతారు.

ఈ సంగతులు కళ్లారా చూడాలంటే యోసెమిటీ దాకా వెళ్లక్కర్లేదు. శాక్రమెంటోకి తూర్పున అమడోర్ కౌంటీలో, పైన్ గ్రోవ్ ఊరి దగ్గర ఇండియన్ గ్రైండింగ్ రాక్ అనే స్టేట్ పార్కు ఉంది. మివోక్ భాషలో చావ్‌సే, అంటే రోలు. ఒకే సున్నపురాయి బండ మీద 1,185 రోళ్లు, ఓక్ కాయలు దంచీ దంచీ పడినవి. కంచె అవతల నుంచే చూడాలి. మేం వెళ్లినప్పుడు ముందురోజు వాన కురిసి, ప్రతి రోట్లోనూ నీళ్లు నిలిచి, ఒక్కోదాన్లో ఒక్కో చిన్న ఆకాశం కనిపించింది. అత్తయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఇంతమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చుని దంచితే ఎన్ని కబుర్లు చెప్పుకునుంటారో” అన్నారు.

మీకు సియెర్రా కొండల్లో తెలిసినవాళ్లుంటే, వాళ్ల స్థలంలో బ్లాక్ ఓక్ ఉంటే, మిగతావన్నీ వదిలేసి దీన్నే ఎంచుకోండి. లేకపోతే దీనికోసం నాలుగు గంటలు కారు నడపడం దండగ. జాతీయ ఉద్యానవనాల్లోకీ, పార్కుల్లోకీ వెళ్లి సంచి నింపుకుందామనుకోకండి. ఒక్కో పార్కుకి ఒక్కో నియమం, చాలాచోట్ల ఏరడం నిషేధం. అడిగి, ఒప్పుకుంటేనే ఏరండి.

బ్లూ ఓక్, టాన్ ఓక్: రెండు మాటల్లో

బ్లూ ఓక్ ఎండు కొండవాలుల చెట్టు. సెంట్రల్ వ్యాలీ చుట్టూ గడ్డి కొండల మీద నీలిబూడిద రంగు ఆకులతో కనిపించేది అదే. ఎండాకాలం నీళ్లు మరీ కరువైతే ముందే ఆకులు రాల్చేసి ప్రాణం కాపాడుకుంటుంది. కాయ వ్యాలీ ఓక్ కన్నా చిన్నది. వండే తీరు, వచ్చే ఫలితం దాదాపు వ్యాలీ ఓక్‌లాగే. దగ్గర్లో ఇదే ఉంటే ఏరండి, దీనికోసం ప్రత్యేకంగా వెతకొద్దు.

టాన్ ఓక్ సంగతి వేరు. అసలు అది క్వెర్కస్ కాదు, పూలు చెస్ట్‌నట్ పూలని పోలి ఉంటాయి. 2008లో శాస్త్రవేత్తలు దాన్ని నోథోలిథోకార్పస్ అనే వేరే ప్రజాతిలో పెట్టారు. ఉత్తర తీరంలో రెడ్‌వుడ్ అడవుల నీడలో పెరుగుతుంది. అక్కడి యురోక్, హూపా, కరుక్ ఆదివాసులకి ఇదే ప్రధానమైన కాయ. పెంకు మందం, టోపీ మీద వెంట్రుకల్లాంటి ముళ్లు. నిల్వకి బాగా ఆగుతుంది. అయితే 1990ల నుంచి సడన్ ఓక్ డెత్ అనే తెగులు ఈ చెట్లని లక్షల్లో చంపేసింది, కోస్ట్ లైవ్ ఓక్‌ని కూడా వదల్లేదు. ఆ తెగులు ఉన్న అడవుల మట్టి చెప్పులకీ, టైర్లకీ అంటుకుని వేరే చోటికి పాకుతుంది. ఒక్క గిన్నె జావ కోసం మనం అక్కడికి వెళ్లి తొక్కాల్సిన పని లేదని నా అభిప్రాయం. దాన్ని ఎవరి కాయో వాళ్లకే వదిలేద్దాం.

ఏరడంలో చేసే తప్పులు

మొదటి ఏడాది ఆగస్టు చివర్లోనే కాయలు రాలడం చూసి సంబరపడి ఒక బుట్టెడు ఏరాను. వాటిని ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి వంటింటి గట్టు మీద పెట్టి నిద్రపోయాను. మూడో రోజు పొద్దున్నే కాఫీ పెట్టుకుందామని వస్తే గట్టునిండా తెల్లగా, లావుగా, గింజంత పురుగులు పాకుతున్నాయి. సంచికి చిల్లులు పెట్టుకుని బయటికొచ్చాయి. ఆ రోజు కాఫీ బయటే తాగాం. వారం రోజులు మా అమ్మాయి వంటింట్లోకి చెప్పుల్లేకుండా రాలేదు.

ముందుగా రాలేవి చాలావరకు పుచ్చులే. పురుగు పట్టిన కాయని చెట్టు తొందరగా వదిలించుకుంటుంది. ఆ మొదటి విడత రాలిపోయాక, అక్టోబరులో పడేవాటిలో మంచివి ఎక్కువ. టోపీ సులువుగా ఊడొచ్చేది తీసుకోండి. టోపీతో పాటు రాలి, లాగినా రానిది సాధారణంగా చెడిందే. సూది బెజ్జమంత రంధ్రం ఉంటే లోపలి పురుగు తిని బయటికెళ్లిపోయిందని లెక్క. ఇంటికి తెచ్చాక బకెట్టు నీళ్లలో పోయండి. వడ్లలో తాలు తేలినట్టే తాలు కాయలు తేలతాయి, వాటిని పారేయండి. మునిగినవాటిని వెంటనే తుడిచి పళ్లేల్లో పల్చగా ఆరబోయండి. తడి మీద కుప్పపోస్తే బూజు పడుతుంది. రోడ్డు పక్కన రాలినవీ, మందులు కొట్టిన లాన్ల మీద పడినవీ ముట్టుకోవద్దు.

ఇంకో విషయం, కాపు ఏటేటా ఒకేలా రాదు. ఒక ఏడు నేల కనపడకుండా రాలుతుంది, మరుసటి ఏడు వెతికితే గుప్పెడు. జాతి మొత్తం కలిసి మాట్లాడుకున్నట్టు ఒక ప్రాంతంలో చెట్లన్నీ ఒకేసారి కాస్తాయి, ఒకేసారి ఊరుకుంటాయి. విరగకాసిన ఏడు రెండేళ్లకి సరిపడా ఎండబెట్టుకోవచ్చు. ఆ పని మనకన్నా ముందు వడ్రంగి పిట్టలు కనిపెట్టాయి. ఇక్కడి ఏకోర్న్ వుడ్‌పెకర్ ఎండిన మాను నిండా వేలకొద్దీ బెజ్జాలు తొలిచి, ఒక్కో బెజ్జంలో ఒక్కో కాయని బిగించి పెట్టుకుంటుంది.

చన్నీళ్లా, వేన్నీళ్లా

నిజం చెప్పాలంటే చెట్టు ఎంపిక కన్నా ఈ ఎంపిక వంటని ఎక్కువ మారుస్తుంది.

చన్నీళ్ల పద్ధతిలో ఎండిన పప్పుని మిక్సీలో నీళ్లు పోసి మెత్తగా రుబ్బి, పెద్ద గాజు సీసాలో మూడొంతులు నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. కాసేపటికి పిండి అడుగుకి తేరుతుంది, పైన టీ డికాక్షన్ రంగు నీళ్లు నిలుస్తాయి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఆ తేటని జాగ్రత్తగా వంపేసి కొత్త నీళ్లు పోసి కలపాలి. మొదటి రోజు ముదురు గోధుమ రంగు, మూడో రోజుకి పల్చటి టీ, ఆరో రోజుకి కడుగునీళ్లలా తెల్లగా. నాలుక ఒప్పుకున్నాక పల్చటి బట్టలో వడగట్టి పిండి ఆరబెట్టుకోవాలి. ఫ్రిజ్ ఎందుకంటే బయట పెడితే పులుస్తుంది.

వేన్నీళ్ల పద్ధతి ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది. పప్పు ముక్కల్ని మరిగే నీళ్లలో వేసి పావుగంట ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, పక్క పొయ్యి మీద సిద్ధంగా మరుగుతున్న కొత్త నీళ్లలో వెయ్యాలి. వగరు పోయేదాకా ఇలా అయిదారు సార్లు, కొన్ని కాయలకి పది సార్లు. మధ్యలో చన్నీళ్లలో వేస్తే వగరు బిగుసుకుపోతుందని చేసేవాళ్లందరూ చెబుతారు, నేనూ ఆ ప్రయోగం చెయ్యలేదు.

తేడా ఎక్కడుందంటే, ఉడికినప్పుడు గంజి తత్వం పోతుంది. రెండో ఏడాది తొందరపడి ఉడకబెట్టి, ఎండబెట్టి, పిండి చేసి దోసెలు పోశాను. పెనం మీద వేసిన దోసె తిప్పేసరికి ముక్కలు ముక్కలుగా విరిగింది. తప్పు కాయది కాదు. చన్నీళ్ల పిండికి బంక ఉంటుంది, వేన్నీళ్ల ముక్కలకి ఉండదు. కాబట్టి జావ, సంగటి, దోసె, హల్వా చేయాలంటే చన్నీళ్లు. కూరలో వేరుశనగ బదులు, పచ్చడిలో, కారప్పొడిలో వేయాలంటే వేన్నీళ్లు చాలు. కోస్ట్ లైవ్ ఓక్‌ని నేను వేన్నీళ్లకే కేటాయించాను, వ్యాలీ ఓక్‌ని చన్నీళ్లకి.

మా ఇంట్లో కొలతలు: దోసెపిండిలో నాలుగో వంతు ఓక్ పిండి, అంతకు మించితే రంగు మరీ నల్లబడి పిల్లలు మొహం తిప్పుకుంటారు. జావకి గ్లాసు నీళ్లకి రెండు చెంచాలు, రాగిజావలాగే ఉండలు కట్టకుండా కలుపుతూ, చల్లారాక మజ్జిగ, ఉప్పు, తరిగిన ఉల్లిపాయ. రెండు కిలోల వ్యాలీ ఓక్ కాయలు తెస్తే పుచ్చులూ పెంకులూ పోగా చివరికి అరకిలో పైచిలుకు పిండి చేతికొస్తుంది.

అసలు ఏరకుండా కొనుక్కుంటే?

ఇది కూడా మంచి ఎంపికే, చాలామందికి ఇదే సరైన ఎంపిక. కొరియన్ దుకాణాల్లో దొతోరి పిండి పేరుతో ఓక్ కాయల గంజిపిండి దొరుకుతుంది. వగరు తీసే పని వాళ్లే చేసి అమ్ముతారు. కొనేముందు ప్యాకెట్ వెనక చూడండి, కొన్నిటిలో వేరే గంజిపిండి కలుపుతారు. ఒక కప్పు పిండికి అయిదారు కప్పుల నీళ్లు పోసి, చిన్న మంట మీద కలుపుతూ చిక్కబడ్డాక కొంచెం ఉప్పు, కాస్త నువ్వుల నూనె వేసి పళ్లెంలో పోసి చల్లారనిస్తే ముంజలా వణికే గోధుమరంగు ముద్ద వస్తుంది. దాన్ని దొతోరి ముక్ అంటారు. వాళ్లు సోయాసాస్, కారం కలిపిన పులుసు పోసుకుంటారు. నేను ముక్కలు కోసి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి నిమ్మకాయ పిండుతాను. మావారికి ఇది అసలు పిండి కన్నా ఎక్కువ నచ్చింది. నాకు కొంచెం కోపం వచ్చింది గానీ, ఏం చేస్తాం.

కొన్న పిండి గంజి మాత్రమే, గింజలోని కొవ్వు, కమ్మదనం దాన్లో ఉండవు. ఓక్ రుచి ఎలా ఉంటుందో చూద్దాం అనుకునేవాళ్లు ముందు ఒక ప్యాకెట్ తెచ్చుకుని ముక్ చేసుకోండి. నచ్చితే అక్టోబరులో సుత్తి పట్టుకోవచ్చు. ఇంట్లో ఎవరికైనా బాదం, జీడిపప్పు, చెస్ట్‌నట్‌లాంటివి పడకపోతే మాత్రం డాక్టరుని అడగకుండా రెండూ వద్దు. పెంపుడు కుక్క ఉంటే పెరట్లో రాలిన పచ్చి కాయలు నమలకుండా చూసుకోండి, వాటికి మంచిది కాదు.

చేసిన పిండిని డబ్బాలో పోసి వంటగది అరలో పెట్టకండి. వ్యాలీ ఓక్ పిండి అక్కడ ఒక నెల ఆగుతుందేమో గానీ, లైవ్ ఓక్, బ్లాక్ ఓక్ పిండి నూనె వల్ల మక్కిపోతుంది. ఏదైనా సరే ఫ్రీజర్‌లో పెట్టి, మూత మీద చెట్టు పేరూ, ఏడూ రాసుకోండి. మా ఫ్రీజర్‌లో ప్రస్తుతం “వ్యాలీ, కంచె చెట్టు” అని రాసిన డబ్బాలు రెండు, “లైవ్, గుడి పక్కన” అని రాసిన చిన్నది ఒకటి ఉన్నాయి. ఈసారి కంచె చెట్టు కాయడం మానేసింది. అక్టోబరు సగం గడిచింది, షెడ్డు మీద చప్పుడే లేదు.